కీమో మిగిల్చిన మరపు... తెరమీద కసరత్తు!

జుట్టు మళ్లీ వచ్చింది. రిపోర్టులన్నీ నార్మల్. డాక్టర్లు ‘ఇక భయం లేదు’ అన్నారు. బంధువులు స్వీట్లు పంచుకున్నారు. కానీ... మాట నాలుక చివరే ఆగిపోతోంది. చేతిలో ఉన్న తాళాల గుత్తి కోసం ఇల్లంతా వెతుకులాట. క్యాన్సర్‌ను గెలిచినవారిని వదలకుండా వెంటాడే ఈ మరపుకి కంప్యూటర్ ఆటల్లో మందు దొరుకుతుందా? దేశదేశాల పరిశోధకులు ఇరవై ఏళ్లుగా వెతుకుతున్న జవాబు ఇది.

స్టవ్ మీద పాలు పెట్టి పక్కగదిలోకి వెళ్లిందావిడ. ఎందుకు వెళ్లిందో గుర్తు రాలేదు. గుర్తుచేసుకుంటూ నిలబడేసరికి ఇటు పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు వాసనకి అత్తగారు పరుగెత్తుకొచ్చారు. ‘ఈమధ్య నీ ధ్యాస ఎక్కడుంటోందే అమ్మాయ్’ అన్నారు.

మరొకరు బ్యాంకు ఉద్యోగి. పదిహేనేళ్ల సర్వీసు. ఒకప్పుడు ఫోన్లో మాట్లాడుతూనే లెక్కలు సరిచూసేవారు. ఇప్పుడు కౌంటరు దగ్గర ఎవరైనా ‘బావున్నారా మేడమ్’ అని పలకరిస్తే చాలు, నోట్ల లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఇంకొకడు పన్నెండేళ్ల పిల్లాడు. ఐదేళ్ల వయసులో లుకేమియా వచ్చి తగ్గింది. ఎక్కాలు అప్పజెబుతాడు. కానీ టీచరు ‘పుస్తకం తీయండి, నలభై రెండో పేజీలో మూడో లెక్క చేయండి, కింది రెండూ ఇంటికి రాసుకోండి’ అంటే మొదటి ముక్క దగ్గరే ఆగిపోతాడు. ‘శ్రద్ధ లేదు’ అని ప్రోగ్రెస్ కార్డులో రిమార్కు.

ఇవి ఏ ఒక్కరి కథలో కావు. క్యాన్సర్ చికిత్స పూర్తిచేసుకున్నవారు ప్రపంచంలో ఏ మూలనున్నా కాస్త అటూ ఇటూగా చెప్పే మాటలే. ‘పోయే ప్రాణం నిలబడింది, ఇంకా మతిమరుపు గురించి ఏడుపేంటి’ అని ఎవరైనా అంటారేమోనన్న భయంతో చాలామంది డాక్టరుకి కూడా చెప్పరు. చెప్పినా... ‘వయసు’ అనో ‘టెన్షన్’ అనో కొట్టిపారేసిన రోజులున్నాయి.

రోగులే పెట్టిన పేరు

ఈ సమస్యకి పేరు పెట్టింది డాక్టర్లు కాదు. రోగులే! 1990ల్లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడ్డ మహిళలు ఒకరితో ఒకరు కష్టసుఖాలు చెప్పుకుంటూ దీన్ని ‘కీమో బ్రెయిన్’ అనడం మొదలుపెట్టారు. నిజానికి అంతకు చాలా ముందే, 1980లోనే అమెరికా మానసిక వైద్యుడు పీటర్ సిల్బర్‌ఫార్బ్ బృందం కీమోథెరపీ తీసుకుంటున్నవారిలో ఆలోచన, జ్ఞాపకశక్తి తగ్గుతున్నాయని గుర్తించి ప్రచురించింది. కానీ అప్పట్లో ప్రాణం నిలబెట్టడమే గగనం. ఆ తర్వాతి జీవితం గురించి ఆలోచించే తీరిక ఎవరికీ లేకపోయింది.

అసలు మలుపు 2004లో వచ్చింది. టెక్సాస్‌లోని ఎం.డి.ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో జెఫ్రీ వెఫెల్, క్రిస్టినా మేయర్స్ బృందం ఓ తెలివైన పని చేసింది. రొమ్ము క్యాన్సర్ వచ్చిన 18 మంది మహిళలకు కీమో మొదలుపెట్టక ముందే జ్ఞాపకశక్తి పరీక్షలు పెట్టింది. మూడోవంతు మందిలో అప్పటికే లోపం కనిపించింది. కీమో తర్వాత మళ్లీ పరీక్షిస్తే 61 శాతం మంది తమ మునుపటి స్థాయికన్నా కిందికి జారారు. చికిత్స ముగిసిన ఏడాదికి వారిలో దాదాపు సగంమంది కోలుకున్నారు. అంటే... తప్పంతా కీమోదే కాదు, అలాగని కీమోకి సంబంధం లేకపోలేదు. అందుకే వైద్యులు ఇప్పుడు దీన్ని ‘క్యాన్సర్ సంబంధిత గ్రహణశక్తి లోపం’ అంటున్నారు.

18 మంది మరీ తక్కువ కదా అనేవారికి 2017లో సమాధానం దొరికింది. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి చెందిన మిషెల్ జానెల్సిన్స్ బృందం దేశవ్యాప్తంగా 581 మంది రొమ్ము క్యాన్సర్ రోగులను, అదే వయసున్న 364 మంది ఆరోగ్యవంతులను పోల్చింది. కీమో ముగిసిన ఆరు నెలలకి కూడా రోగుల్లో 36.5 శాతం మంది తమ ఆలోచనాశక్తి చెప్పుకోదగ్గంతగా తగ్గిందన్నారు. ఆరోగ్యవంతుల్లో ఆ మాట అన్నవారు 13.6 శాతమే.

మరి ఎన్నాళ్లుంటుంది? ఎక్కువమందిలో నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. కొందరిలో మాత్రం ఏళ్లూపూళ్లూ ఉండిపోతుంది. నెదర్లాండ్స్ పరిశోధకులు 2012లో, సగటున 21 ఏళ్ల క్రితం కీమో తీసుకున్న 196 మంది మహిళలను పరీక్షించారు. పాతకాలపు మందులు వాడిన వీరు జ్ఞాపకశక్తిలోనూ, ఆలోచనా వేగంలోనూ క్యాన్సర్ రాని తమ ఈడువారికన్నా కాస్త వెనకబడే ఉన్నారు.

లోపల ఏం జరుగుతుంది?

రక్తంలోని మందులన్నీ మెదడులోకి చొరబడకుండా ప్రకృతి ఓ కాపలా గోడ కట్టింది. చాలా కీమో మందులు ఆ గోడని అంత తేలిగ్గా దాటలేవు. కొన్ని కొద్దికొద్దిగా దాటుతాయి. లుకేమియా పిల్లలకైతే వెన్నెముక నీటిలోకే మందు ఎక్కించాల్సి వస్తుంది. దాటని మందులూ ఊరికే ఉండవు. ఒంట్లో వాపు రసాయనాలను పెంచుతాయి. అవి మెదడుకి సెగ తగిలిస్తాయి.

కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మిషెల్ మోంజె బృందం ఈ సెగ ఎలా పాకుతుందో ఎలుకల్లో చూసింది. మెథోట్రెక్సేట్ అనే కీమో మందు ఇచ్చినప్పుడు మెదడులో కాపలా ఉండే మైక్రోగ్లియా కణాలు రెచ్చిపోతున్నాయి. నాడీతంతువుల చుట్టూ కరెంటు తీగకి తొడుగులా ఉండే మైలిన్ పొరను తయారుచేసే కణాలు దెబ్బతింటున్నాయి. తొడుగు పలచబడితే కబురు ఆలస్యంగా అందుతుంది కదా! ‘అంతా తెలుసు, కానీ టైముకి గుర్తురాదు’ అని రోగులు చెప్పేదానికి ఇది బాగా సరిపోతోంది.

ఇక్కడితో అయిపోలేదు. రక్తహీనత, నిద్రలేమి, హార్మోన్లను అణిచే మందులు, హఠాత్తుగా నెలసరి ఆగిపోవడం, మళ్లీ వస్తుందేమోనన్న బెంగ... అన్నీ తలా ఒక చెయ్యి వేస్తాయి. అందుకే ‘ఇదొక్కటి వేసుకో, తగ్గిపోతుంది’ అని చెప్పే మాత్ర ఏదీ లేదు. అల్జీమర్స్‌కి వాడే డోనెపెజిల్‌ను రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకున్న 276 మంది మీద పరీక్షించి, ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగేమీ లేదని 2024లో తేల్చారు.

మందుతో కాకపోతే మరెలా? వ్యాయామంతో కండ పెరిగినట్టు, సాధనతో మెదడుకి పదును పెట్టలేమా? కంప్యూటర్ శిక్షణ ఆలోచన పుట్టింది ఇక్కడే.

అవధాని నుంచి కంప్యూటర్ దాకా

సాధనతో ధారణ పెరుగుతుందని తెలుగువాళ్లకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. అష్టావధానంలో ఒకరు సమస్య ఇస్తుంటారు. ఒకరు నిషిద్ధాక్షరి పెడతారు. ఇంకొకరు అప్రస్తుత ప్రసంగంతో దృష్టి మళ్లిస్తారు. మధ్యలో గంట కొడుతుంటే లెక్కపెట్టాలి. అవధాని ఇవన్నీ మనసులో పెట్టుకుని, చివర్లో పద్యాలన్నీ వరసగా అప్పజెబుతారు. ఒకేసారి నాలుగు వైపులా ధ్యాస పెట్టడం, విన్నది జారిపోకుండా పట్టుకోవడం, అడ్డంకి వచ్చినా తిరిగి దారిలో పడటం... క్యాన్సర్ తర్వాత దెబ్బతినేవి సరిగ్గా ఈ శక్తులే.

అవధానికి ఏళ్ల తరబడి గురువు చేయించే సాధనని, మామూలు మనిషికి చిన్నచిన్న మోతాదుల్లో కంప్యూటర్‌తో చేయించవచ్చా అన్నది శాస్త్రవేత్తల ప్రశ్న. అనుభవాన్నిబట్టి మెదడు తన అల్లికను మార్చుకుంటుందని చూపినవారిలో ముఖ్యుడు అమెరికా శాస్త్రవేత్త మైఖేల్ మెర్జెనిచ్. 2016లో కావ్లీ బహుమతి అందుకున్న ఆయన, ఆ సూత్రంతోనే పాజిట్ సైన్స్ అనే సంస్థను నెలకొల్పారు. అంతకుముందే కార్లీన్ బాల్, డేనియల్ రోయెంకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు వృద్ధుల డ్రైవింగ్‌ను పరిశీలిస్తూ, చూపు ఒకచోట ఉండగానే పక్కన జరిగేది ఎంత వేగంగా పట్టుకోగలరన్నదాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. అదే తర్వాత ఆటగా మారింది.

ఆ ఆట ఎలా ఉంటుందంటే... తెర మధ్యలో ఓ కారు తళుక్కున మెరిసి మాయమవుతుంది. అదే క్షణంలో తెర అంచున ఎక్కడో ఓ రోడ్డు గుర్తు. చూసింది ఏ కారు? గుర్తు ఏ మూల కనిపించింది? రెండూ చెప్పాలి. సరిగ్గా చెబితే తర్వాతిసారి ఇంకా తక్కువసేపు కనిపిస్తుంది. తప్పితే కాస్త నెమ్మదిస్తుంది. ఇంకో ఆటలో కొన్ని మణులు చూపించి వాటిని దాచేస్తారు. దాచినవన్నీ అటూ ఇటూ తిరుగుతుంటే, మణి దేని వెనకుందో చెప్పాలి. సంతలో మూడు చిప్పలాట చూసినవాళ్లకి ఇదేమీ కొత్త కాదు!

మామూలు వీడియోగేమ్‌కీ దీనికీ తేడా ఒక్కటే. కష్టం ఎప్పుడూ మనిషి శక్తి అంచునే ఉంటుంది. మరీ తేలికైతే మెదడు నేర్చుకోదు. మరీ కష్టమైతే మనిషి లేచిపోతాడు.

సిడ్నీలో ఏం తేలింది?

ఈ రంగంలో ఎక్కువమంది ప్రస్తావించే పరీక్ష ఆస్ట్రేలియాలో జరిగింది. సిడ్నీ విశ్వవిద్యాలయానికి చెందిన విక్టోరియా బ్రే, హర్యానా ధిల్లాన్, జానెట్ వార్డీ బృందం కీమో పూర్తిచేసుకుని, మతిమరుపుతో ఇబ్బంది పడుతున్న 242 మందిని ఎంచుకుంది. వారిలో 89 శాతం రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడ్డవారే. ముందు అందరికీ అరగంటపాటు ఫోన్లో మాట్లాడి, రోజువారీ పనుల్లో మరపుని ఎలా నెట్టుకురావాలో చెప్పారు. తర్వాత లాటరీ తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి పైన చెప్పిన తరహా ఆటలున్న ‘ఇన్‌సైట్’ ప్రోగ్రామ్ ఇచ్చారు. ఇంట్లోనే, వారానికి నాలుగుసార్లు, ఒక్కోసారి 40 నిమిషాలు, మొత్తం 15 వారాలు. రెండో జట్టుకి మామూలు సంరక్షణే.

2017లో వచ్చిన ఫలితం ఆశ్చర్యపరిచింది. ఆటలు ఆడినవారు ‘నా మతిమరుపు తగ్గింది’ అని స్పష్టంగా చెప్పారు. శిక్షణ ఆపిన ఆరు నెలల తర్వాతా అదే మాట. శిక్షణ ముగిసేసరికి ఆందోళన, దిగులు, నీరసం తగ్గాయి. ఆరు నెలల తర్వాత చూసినా ఒత్తిడి తక్కువగానే ఉంది, జీవన నాణ్యత మెరుగైంది.

మరి పరీక్షల్లో? అక్కడే మెలిక! జ్ఞాపకశక్తిని కొలిచే పరీక్షల్లో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అదేమిటి, మనిషికి తెలిసిన మార్పు పరీక్షకి తెలియదా? దీనికి రెండు రకాల జవాబులున్నాయి. ఒకటి: నిశ్శబ్దంగా ఉన్న గదిలో గంటసేపు పెట్టే పరీక్ష వేరు, కుక్కరు కూత, ఫోను మోత, పిల్లల గొడవ మధ్య సాగే జీవితం వేరు. పరీక్షలో బాగానే మార్కులు తెచ్చుకున్నవారూ ఇంట్లో తడబడుతుంటారు. రెండోది: ‘నా సమస్య నిజమేనని ఒకరు నమ్మారు, దానికోసం నేనూ ఏదో చేస్తున్నాను’ అన్న ధీమాయే సగం బలం. రెండో జట్టుకి ఉత్తుత్తి ఆటలైనా ఇవ్వలేదు కాబట్టి మేలు ఆటదా, ధీమాదా అన్నది విడదీయలేం. మరో విషయం... చాలామంది అనుకున్న గంటలన్నీ పూర్తిచేయలేకపోయారు. ఉద్యోగం, ఇల్లు, నీరసం మధ్య వారానికి నాలుగు రోజులు తెర ముందు కూర్చోవడం మాటలు కాదు.

అమెరికాలో మరో రెండు చిన్న పరీక్షలు ఇంకాస్త ఆశ చూపించాయి. ఇండియానా విశ్వవిద్యాలయంలో డయాన్ వాన్ ఆహ్ బృందం 2012లో 82 మంది మహిళలను మూడు జట్లు చేసింది. ఒక జట్టుకి జ్ఞాపకం పెట్టుకునే కిటుకులు, మరో జట్టుకి కంప్యూటర్ మీద వేగం పెంచే ఆటలు, మూడో జట్టుకి ‘తర్వాత నేర్పుతాం’ అన్న మాట. గంట చొప్పున పది తరగతులతోనే రెండు శిక్షణలూ పనిచేశాయి. వేగం పెంచే ఆటలు ఆడినవారిలో వేగంతోపాటు జ్ఞాపకశక్తీ మెరుగైంది. 2013లో స్టాన్‌ఫర్డ్‌లో షెల్లీ కెస్లర్ బృందం 41 మందితో చేసిన ప్రయోగంలో, 12 వారాల్లో 48 విడతలు ఇంట్లోనే సాధన చేసినవారిలో ఆలోచనా వేగం, ఒక పని నుంచి ఇంకో పనికి మళ్లే చురుకుదనం పెరిగాయి.

పిల్లలకి మరింత అవసరం

అమెరికాలోని మెంఫిస్ నగరంలో 1962లో ప్రారంభమైన సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రి చిన్నారుల క్యాన్సర్‌కి పెట్టింది పేరు. అది మొదలైన రోజుల్లో లుకేమియా వచ్చిన పిల్లల్లో బతికేవారు వందకి నలుగురే. ఇప్పుడు అక్కడ తొంభైమందికి పైగా బతుకుతున్నారు. బతికిన పిల్లలు బడికెళ్లాలి, పరీక్షలు రాయాలి, ఉద్యోగం చేయాలి. పెద్దవాళ్లు నేర్చుకున్నది మరచిపోతారు. పిల్లలకి నేర్చుకునే వయసులోనే దెబ్బ తగులుతుంది. తలకి రేడియేషన్ ఇచ్చినా, వెన్నులోకి మందు ఎక్కించినా ఆ ప్రభావం ఏళ్ల తర్వాత చదువులో బయటపడుతుంది.

అక్కడి హీథర్ కాంక్లిన్ బృందం లుకేమియా, మెదడు కణితుల నుంచి బయటపడ్డ 68 మంది పిల్లలతో 2015లో ఓ పరీక్ష ఫలితం ప్రకటించింది. స్వీడన్ శాస్త్రవేత్త టోర్కెల్ క్లింగ్‌బెర్గ్, నిలకడ లేని పిల్లల కోసం రూపొందించిన ‘కాగ్‌మెడ్’ అనే ఆటల్ని వాడింది. వెలిగిన దీపాల వరస గుర్తుపెట్టుకుని మళ్లీ నొక్కడం, విన్న అంకెల్ని వెనకనుంచి చెప్పడం... ఇలాంటివే. ఐదు నుంచి తొమ్మిది వారాల్లో పాతిక విడతలు, ఇంట్లోనే. వారానికోసారి ఆసుపత్రి నుంచి ఓ శిక్షకురాలు ఫోన్ చేసి ‘ఎలా ఆడుతున్నావు, ఎక్కడ చిక్కుకున్నావు’ అని అడిగేవారు.

ఆడిన పిల్లల్లో విన్నదాన్ని మనసులో నిలుపుకునే శక్తి, ఏకాగ్రత, వేగం... మూడూ పెరిగాయి. స్కానింగ్‌లో చూస్తే అదే పనికి మెదడు మునుపటికన్నా తక్కువ శ్రమపడుతోంది. ఆరు నెలల తర్వాతా ఆ మేలు నిలిచిందని 2017లో అదే బృందం ప్రకటించింది. ఆ ఫోను పిలుపుని మాత్రం చిన్నచూపు చూడకూడదు. పిల్లాడు ఒంటరిగా ఆడితే నాలుగు రోజులకి విసుగెత్తుతుంది. ఎవరో అడుగుతారని తెలిస్తే ఐదో రోజూ కూర్చుంటాడు.

ప్రకటనల మాయలో పడొద్దు

ఇంత చదివాక ‘అయితే ఈరోజే ఓ బ్రెయిన్ గేమ్ కొనేద్దాం’ అనిపిస్తుంది. కాస్త ఆగాలి. 2016 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ‘లుమోసిటీ’ అనే పేరున్న ఆటల కంపెనీ మీద చర్య తీసుకుంది. తమ ఆటలు ఆడితే మతిమరుపు రాదనీ, చదువులో, ఉద్యోగంలో దూసుకుపోతారనీ తగిన ఆధారం లేకుండా ప్రకటనలిచ్చిందన్నది అభియోగం. ఆ కంపెనీ 20 లక్షల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. స్టాన్‌ఫర్డ్ ప్రయోగంలో వాడింది ఈ కంపెనీ ఆటల్నే! ఒక చిన్న ప్రయోగంలో కొందరికి మేలు జరగడం వేరు, అందరికీ అన్నిటికీ పనికొస్తుందని అమ్మడం వేరు.

ఇంకో చిక్కు ఉంది. అమెరికాలో 2,832 మంది వృద్ధులతో జరిగిన ‘యాక్టివ్’ అనే పెద్ద పరీక్ష 2002లోనే ఓ సంగతి చెప్పింది. జ్ఞాపకశక్తి నేర్పితే జ్ఞాపకశక్తి పెరిగింది. వేగం నేర్పితే వేగం పెరిగింది. ఒకటి నేర్పితే ఇంకొకటి దానంతట అది రాలేదు. చదరంగం బాగా ఆడేవాడికి ఇంటి తాళాలు ఎక్కడ పెట్టాడో గుర్తుంటుందన్న భరోసా లేనట్టే ఇదీ.

అందుకే నిపుణులు చెప్పే మాట మధ్యస్థంగా ఉంటుంది. కంప్యూటర్ శిక్షణ అద్భుతం కాదు, మోసమూ కాదు. ఒక ఊతకర్ర. మిగతా జాగ్రత్తలతో కలిపి వాడితేనే నడిపిస్తుంది.

మన దగ్గర మాటేమిటి?

ప్రపంచ క్యాన్సర్ గణాంకాల ప్రకారం 2022లో మన దేశంలో కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడ్డ మహిళలు సుమారు లక్షా 92 వేలమంది. వారిలో పిల్లల చదువులు, ఇంటి బాధ్యతలు, ఉద్యోగం మోస్తున్న నలభై, యాభై ఏళ్లవారు ఎందరో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక ఆపరేషన్, కీమో, రేడియేషన్ పేద కుటుంబాలకీ అందుబాటులోకి వచ్చాయి. బతికేవారు పెరిగారు. బతికాక ఎలా ఉన్నారని అడిగే ఏర్పాటు మాత్రం అంత వేగంగా పెరగలేదు.

పేరున్న శిక్షణ ప్రోగ్రాములు విదేశాలవే. సూచనలు ఇంగ్లిషులో ఉంటాయి, చందా కట్టాలి. కార్లు, పక్షులు, మణుల ఆటలకి భాషతో పెద్దగా పనిలేదు. మాటలతో ఆడే ఆటలు మాత్రం తెలుగే మాతృభాషైనవారికి జ్ఞాపకశక్తి పరీక్షకి బదులు ఇంగ్లిషు పరీక్షగా మారతాయి. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోనూ కొడుకు చేతిలో ఉంటే అమ్మ ఆడేదెప్పుడు?

దీనికి మనవాళ్ల దగ్గరే ఓ దారి ఉంది. బెంగళూరులోని నిమ్హాన్స్ నాడీ మనస్తత్వ నిపుణులు కంప్యూటర్ లేకుండానే మెదడుకి శిక్షణ ఇచ్చే పద్ధతులు ఎప్పటినుంచో వాడుతున్నారు. కాగితం మీద బారులుతీరిన అక్షరాల్లో చెప్పిన అక్షరాన్ని మాత్రమే కొట్టేయడం ఒకటి. కలిపేసిన గింజల్ని టైము పెట్టుకుని రకాలవారీగా వేరుచేయడం మరొకటి. మన అమ్మమ్మలు చేటలో పప్పులు ఏరినట్టే! స్కిజోఫ్రీనియా తొలిదశలో ఉన్నవారితో ఇంట్లోనే చేయించిన ఇలాంటి శిక్షణ ఫలితాల్ని వారు 2012లో ప్రచురించారు. అది క్యాన్సర్ రోగుల మీద చేసింది కాదు. కానీ రోజూ కొంచెం, కొలిచి చూసుకుంటూ, కష్టం పెంచుకుంటూ అన్న సూత్రం అదే.

ఇక పరీక్షల సంగతి. క్యాన్సర్-గ్రహణశక్తి నిపుణుల అంతర్జాతీయ బృందం 2011లో సూచించిన పరీక్షలు వినడానికి చాలా మామూలుగా ఉంటాయి. పన్నెండు మాటలు చదివి వినిపిస్తారు, గుర్తున్నవి చెప్పాలి. ఇరవై నిమిషాలు పోయాక మళ్లీ అడుగుతారు. చెదురుమదురుగా ఉన్న అంకెల్నీ అక్షరాల్నీ ఒకదాని తర్వాత ఒకటిగా గీతతో కలపాలి. ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు నిమిషంలో ఎన్ని చెప్పగలరో లెక్కిస్తారు. క్లినికల్ సైకాలజిస్టు ఉన్న పెద్ద ఆసుపత్రుల్లో ఇలాంటి పరీక్షలు చేయించుకోవచ్చు.

డాక్టర్ని ఏం అడగాలి?

* మరపు ఎప్పుడు మొదలైంది, ఏ పనిలో ఎక్కువ ఇబ్బంది పెడుతోంది అన్నది రెండు వారాలు కాగితం మీద రాసుకుని తీసుకెళ్లాలి. ‘అన్నీ మరచిపోతున్నా’ అంటే డాక్టరుకి పట్టు దొరకదు.

* హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12, షుగర్ చూపించమని అడగాలి. వీటిలో ఏది తేడా ఉన్నా మతిమరుపు వస్తుంది. సరిచేస్తే తగ్గుతుంది.

* నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు, అలర్జీ మాత్రలు ఏమేం వాడుతున్నారో చెప్పాలి. కొన్ని మందులే మందకొడితనం తెస్తాయి. అలాగని సొంతంగా ఏ మందూ ఆపకూడదు.

* దిగులు, నిద్రలేమి దాచకూడదు.

* హఠాత్తుగా మాట తడబడినా, తలనొప్పి, వాంతులు, ఫిట్స్, ఒకవైపు బలహీనత వచ్చినా అది కీమో మరపు కాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంట్లో ఏం చేయొచ్చు?

* ఒక సమయంలో ఒకే పని. స్టవ్ మీద ఏదైనా పెడితే ఫోన్‌లో అలారం పెట్టుకోవాలి.

* తాళాలు, కళ్లజోడు, మందులు... ప్రతిదానికీ ఒకే చోటు. ఇంట్లోవాళ్లు కూడా ఆ చోటు మార్చకూడదు.

* కష్టమైన పనులు ఒంట్లో ఓపిక ఉన్న పొద్దుటి వేళకి పెట్టుకోవాలి.

* విన్నది పైకి ఒకసారి చెప్పుకోవాలి. ‘గ్యాసు కట్టేశాను’ అని అనుకుంటే గ్యాసు కట్టేసింది గుర్తుంటుంది.

* ఆటలు ఆడదల్చుకుంటే రోజుకి 20 నుంచి 40 నిమిషాలు, వారానికి నాలుగు రోజులు చాలు. తేలికగా గెలిచే ఆట మార్చేయాలి. ఆడుతుంటే తలనొప్పి, విసుగు పెరిగితే ఆపేయాలి.

* నడక, యోగా మరవొద్దు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో రొమ్ము క్యాన్సర్ నుంచి కోలుకున్న 200 మందితో చేసిన పరీక్షలో, 12 వారాలు యోగా చేసినవారు ఆ తర్వాత మూడు నెలలకి చూస్తే మిగతావారికన్నా 23 శాతం తక్కువ మరపు సమస్యలు చెప్పారు. ఈ ఫలితం వచ్చింది 2015లో.

* పిల్లల విషయంలో స్కూలుకి చికిత్స సంగతి చెప్పాలి. సూచనలు ఒక్కొక్కటిగా ఇవ్వమని, పరీక్షలో కాస్త ఎక్కువ సమయం ఇవ్వమని టీచర్లని అడగాలి.

అన్నిటికన్నా పెద్ద మందు

ఈ పరిశోధనలన్నీ ఒకచోట పెట్టి చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. సిడ్నీలో శిక్షణకి ముందు అరగంట మాట్లాడిన ఫోను. మెంఫిస్‌లో వారానికోసారి పిల్లాడిని పలకరించిన ఫోను. ఇండియానాలో తరగతిలో తనలాంటివారి పక్కన కూర్చోవడం. తెరమీది ఆట ఎంత ముఖ్యమో, తెర వెనక ‘నీ బాధ నిజమే’ అనే మనిషి అంతే ముఖ్యం.

ఆ మనిషి కోసం సిడ్నీ దాకా వెళ్లనక్కర్లేదు. పాలు పొంగిన రోజున ‘నీ ధ్యాస ఎక్కడుంటోందే’ అనే అత్తగారు, ‘పర్లేదమ్మా, పాలు నేను చూస్తాలే, నువ్వు ఆ అలారం పెట్టుకో’ అంటే చాలు. కౌంటరులో లెక్క తప్పిన ఉద్యోగికి పక్క సీటువారు ‘ఇంకోసారి చూద్దాం మేడమ్’ అంటే చాలు. బడిలో టీచరు ఒక్క సూచన ఇచ్చి, అది పూర్తయ్యాకే రెండోది చెబితే చాలు.

క్యాన్సర్‌ను గెలవడానికి ఆ ఇల్లంతా నెలల తరబడి వెంట నిలబడింది. మరపుని గెలవడానికి ఇంకొన్నాళ్లు నిలబడాలి. అంతే!